చిక్కం కట్టిన నిద్ర

నా జీవితంలో నిద్ర పట్టక బాధపడ్డది ఒక్కసారే. అది కూడా నిద్రకు వైద్యం మొదలుపెట్టాక.

అంతకుముందు నాకు నిద్ర పట్టడమనేది లేదు, నిద్రే నన్ను పట్టేది. ఎక్కడ దొరికితే అక్కడ, మెడ పట్టుకుని మరీ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వడ్లు చూసే పని నాది. హాలియా దిక్కు నుంచి ట్రాక్టర్లు వస్తాయి. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీయాలి, అరచేతిలో నలపాలి, రెండు పంటి కింద కొరికి తేమ ఎంతుందో చెప్పాలి. ఒకరోజు కొరికాను గానీ చెప్పడం మరిచిపోయాను. పాపం ఆ రైతు, నేనేదో లోతుగా ఆలోచిస్తున్నాననుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడట. గురక మొదలయ్యాక గానీ ఆయనకు నా లోతు అర్థం కాలేదు. భుజం తట్టి, "సారూ, నా వడ్లు ఎప్పుడో ఎండినయ్. నీ నిద్రే ఇంక ఎండలే" అన్నాడు.

గురక అంటే మా ఇంట్లో చిన్నచూపు లేదు. మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర గొర్లూ బర్లూ కాసుకునే ఇల్లు. చిన్నప్పుడు మంద కాడ పడుకుంటే నన్ను ఏరికోరి తోడేలు వచ్చే దిక్కున పండబెట్టేవారు. "వీని గురక ఇంటే తోడేలేంది, పులి గూడ వాపస్ పోతది" అని నాయన నలుగురిలో చెప్పుకునేవాడు. ఆయన నా గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. పెళ్లయి, కోదాడ పిల్ల మా ఇంట్లో అడుగుపెట్టాక ఆ మర్యాద కాస్తా పోయింది. రాత్రి నా గురక, పొద్దున ఆమె చురక. అట్లా సూర్యాపేటలో కిరాయింట్లో మా కాపురం చాలా ఏళ్లు సాఫీగానే నడిచింది.

చిక్కొచ్చిపడింది అత్తగారింటి నుంచి వస్తున్నప్పుడు. కోదాడలో మధ్యాహ్నం కడుపునిండా తిని, మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని బండి మీద బయల్దేరాను. దారిలో ఆమె ఏదో చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. నిద్రలో కూడా ఊఁ కొట్టగలగడం పెళ్లయిన మగవాడికి అబ్బే విద్య. ఆ విద్యే కొంప ముంచింది. నేను మేలుకునే ఉన్నానని ఆమె అనుకుంది, నేనూ అట్లాగే అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు పక్క నారుమడిలో ఉంది. బురద మెత్తన కాబట్టి ఇద్దరికీ ఏమీ కాలేదు. అదే ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఇది రాసేవాడు ఉండేవాడు కాదు.

మా ఆవిడ బురదలోంచి లేచింది. బండికున్న తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

తర్వాత హైదరాబాదులో ఒక దవాఖానలో ఒంటినిండా వైర్లు అంటించి రాత్రంతా పడుకోబెట్టారు. చిన్నప్పటి నుంచి రాసిన పరీక్షలన్నిటిలో నిద్రపోయి ఫెయిలయినవాణ్ని, ఇది మాత్రం నిద్రపోయి పాసయ్యాను. నిద్రలో గొంతు మూసుకుపోయి మాటిమాటికీ ఊపిరి ఆగుతోందనీ, రాత్రి సరిగా లేని నిద్రే పగలు వచ్చి మెడ పట్టుకుంటోందనీ డాక్టరు చెప్పాడు. ఒక మిషన్ ఇచ్చాడు. దానికో గొట్టం, గొట్టం కొసకు ముక్కుకు పెట్టుకునే మాస్కు, తల వెనక బిగించుకునే పట్టీలు. మిషన్ గాలి కొడుతుంది, ఆ గాలికి గొంతు తెరుచుకుని ఉంటుంది, గురక మాయం. ఇంకా ఏదేదో చెప్పాడు గానీ ఆ టైముకు నాకు కునుకు పట్టింది. మిగతాదంతా మా ఆవిడే విన్నది.

ఇంటికొచ్చాక బండి సంగతి ఎత్తాను.

"మిషన్ పెట్టుకుని నిజంగా నిద్రపోయిన రోజు ఇస్తానండీ తాళంచెవి" అంది.

"నిజంగ పోయిన్నని నీకెట్ల తెలుస్తది?"

"నాకు తెలుస్తుంది లెండి."

ఇక చూడండి. కుర్చీలో, బస్సులో, బస్తా మీద, ఆఖరికి మంగలి చేతిలో కత్తి ఉండగా కూడా నిద్రపోయినవాణ్ని, సొంత మంచం మీద, సొంత దిండు మీద నిద్ర పట్టక పొర్లాడాను. ముక్కులో గాలి కొడుతుంటే తల బయటపెట్టి ఎక్స్‌ప్రెస్ బస్సులో పోతున్నట్టే ఉండేది, ఊరు మాత్రం వచ్చేది కాదు. కుడికి తిరిగితే గొట్టం మెడకు చుట్టుకునేది. ఎడమకు తిరిగితే మాస్కు పక్కకు జరిగి సుయ్యిమని కంట్లో గాలి. నోరు తెరిచి ఏదన్నా అందామంటే ముక్కులోంచి పోయిన గాలంతా నోట్లోంచి తన్నుకొచ్చేది. నావన్నీ గాలి మాటలని మా ఆవిడ ఎప్పటినుంచో అంటుండేది. దానికి ఇప్పుడు మిషనే సాక్ష్యం. పైగా అవి కరెంటు కోతల రోజులు. కాస్త కునుకు పడుతోంది అనుకునేలోపు కరెంటు పోయేది, మిషన్ ఆగేది, ముక్కు మూసినట్టయి దిగ్గున లేచి కూర్చునేవాణ్ని. తెల్లారి బస్సులో మిర్యాలగూడ పోతూ నిద్రపోయేవాణ్ని. కండక్టరు మిర్యాలగూడ దాటాక లేపేవాడు.

తాళంచెవి మా ఆవిడ కొంగున గలగలమంటూ ఇల్లంతా తిరిగేది.

ఆ రోజుల్లోనే మా అక్క ఊరి నుంచి వచ్చింది. నేను పడుకోబోతూ మాస్కు కట్టుకోవడం చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందిర తమ్మీ, మూతికి చిక్కం గట్టిండ్రు?"

చిక్కం అంటే పొలంలో గుంటుక తోలేటప్పుడు ఎద్దు పైరు మేయకుండా మూతికి కట్టే వల. మా అక్క చేత్తో ఎన్ని అల్లిందో.

"ఉంచుకుంటలేడు వదినా, పీకేస్తున్నాడు" అని మా ఆవిడ ఫిర్యాదు చేసింది. మామూలుగా ఆమెది కోదాడ మాట. మా అక్కతో మాట్లాడేటప్పుడు మాత్రం సగం మా దిక్కుకు తిరుగుతుంది.

"పీకెయ్యక? కోడెకు కొత్తగ చిక్కం కడితే పండుకునే యాళ్లకు కడ్తరా ఎవలన్న? పగటీలి కట్టాలె. కడుపునిండ మేసినంక కట్టాలె. కట్టి జర చేన్ల దిప్పాలె. ఒకటి రొండు దినాలు తలకాయ ఇసురుతది, మూతి నేలకేసి రుద్దుతది. అటెన్క మూతికి ఏమున్నదో దానికే యాదుండది."

"డాక్టరు గూడ అదే అన్నాడు వదినా, మేలుకున్నప్పుడు పెట్టుకుని అలవాటు చేసుకోమని. ఈయన నిద్రపోయాడు అప్పుడు. మరి ఈ కోడె చెప్పిన మాట ఇనకపోతే?"

"ముల్లుగర్ర ఉండనే ఉండె" అంది అక్క.

మర్నాటి నుంచి నన్ను పగలు తిప్పడం మొదలయింది. మిల్లు నుంచి రాగానే మాస్కు. గొట్టం అందినంత మేరే నా మేత. టీవీ చూడొచ్చు, పేపరు చదవొచ్చు, వంటింటి గడప దాకా పోయి ఏం వండుతున్నారో వాసన చూద్దామంటే ముక్కు మనది కాదు. ఒక్కోసారి గొట్టం మిషన్ నుంచి ఊడదీసి, తొండంలా వేలాడేసుకుని వాకిట్లోకి వచ్చేవాణ్ని. కరివేపాకు అడగడానికి వచ్చిన పక్కింటామె నన్ను చూసి అడగకుండానే వెనక్కి పోయింది. రెండు దినాలు తల విసిరాను. మూతి కూడా రుద్దేవాణ్నే, కానీ మా ఆవిడ చూస్తోంది.

ఊరికి పోయిన అక్క నలుగురికీ ఫోన్లో చెప్పింది ఉన్నమాటే: తమ్మునికి ముక్కుకు మిషన్ పెట్టిండ్రు. హాలియాలో ఆ మాట ఆక్సిజన్ అయింది. పెద్దవూరలో మా మేనత్త చెవిన పడేసరికి, డాక్టర్లు చేతులెత్తి ఇంటికి తోలేసిండ్రు అయింది. వడ్లు చేతులు మారితే తరుగు వస్తుంది, మాట చేతులు మారితే పెరుగుతుంది.

ఆదివారం నాడు మాంసం కూరతో అన్నం తిన్నాను. కోడె కడుపు నిండింది కాబట్టి చిక్కం కట్టుకుని ముందుగదిలో మంచం మీద వాలాను. మా ఆవిడ జొన్నలు పట్టించడానికి పిండి గిర్నికి పోతూ, "నేనొచ్చేదాకా అది తీయకండి" అంది. ఊఁ అన్నాను. ఆ ఊఁ మెలకువలో అన్నదో కాదో నాకు తెలియదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా తర్వాత విన్నదే.

మా మేనత్త ఇద్దరు చుట్టపామెలను వెంటేసుకుని, అరటిపండ్లూ బ్రెడ్డూ పట్టుకుని ఆటో దిగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే మంచం మీద నేను. వెల్లకిలా, చేతులు కడుపు మీద, ముక్కుకు గొట్టం. ఇవన్నీ ఆమెకు పెద్ద లెక్క కాదట. గురక లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేను చప్పుడు లేకుండా పడుకోవడం మా అత్త చూసి ఎరగదు. ఆమె చేతిలో సంచి కింద పెట్టింది, మంచం పట్టె పట్టుకుని కూలబడింది, శోకం ఎత్తుకుంది.

"ఓ నా అల్లుడో! నీ గురక ఇంటె మందకు తోడేలు రాకపాయెనే అల్లుడో! ఇయ్యాల ఇల్లు సప్పుడు లేకపాయెనే!"

శోకం అంటే మా దిక్కు ఒక్క ఏడుపే కాదు. పోయినవాళ్ల మంచీ, మిగిలినవాళ్ల చెడూ రాగం తీసి చెప్పుకునే చోటు అది. మంచి తొందరగా అయిపోయింది. అత్త రెండోదానికి దిగింది.

"నా బిడ్డనిస్తనంటె వద్దంటివే అల్లుడో! కోదాడ పిల్లనే కావాలంటివే! ఆ పిల్ల ఏం బెట్టి సంపిందో నాకెర్కనే అల్లుడో!"

సరిగ్గా అప్పుడే ఆ కోదాడ పిల్ల గిర్ని నుంచి వచ్చింది. వాకిట్లో చెప్పులు చూసింది, ఏడుపు విన్నది. పిండి డబ్బా చేతిలోంచి జారిపోయింది. గుమ్మంలో తెల్లటి పిండిలో నిలబడి నా వైపు చూసిందట. మిషన్ గాలి కొడుతూనే ఉంది. మనిషి ఉన్నా లేకున్నా అది కొడుతూనే ఉంటుంది, కాబట్టి దాన్ని నమ్మడానికి లేదు. నా కడుపు వైపు చూసింది. దాని మీద నా చేతులు మెల్లగా పైకి లేచాయి. మళ్లీ దిగాయి. మళ్లీ లేచాయి.

ఇంకొకతె అయితే అక్కడే అరిచి ఆపేది. ఈమె గోడకానుకుని కూర్చుంది. కాసేపటికి నోటి మీద వేలు పెట్టి, "అత్తయ్యా, నెమ్మదిగా. ఇన్నాళ్లకు పట్టింది నిద్ర. లేపకండి" అంది.

ఆ మాటతో చుట్టపామెలు ఘొల్లుమన్నారు. "పాపం పిచ్చిది, నిద్రబోతుండనుకుంటుందే!" అని ఆమెను పట్టుకుని మరీ ఏడ్చారు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోవడానికని నాకు తరువాత చెప్పింది. కళ్లు కూడా తుడుచుకుందని మా అత్త చెప్పింది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో నేను తేల్చుకోలేదు.

నేను మాత్రం లేవలేదు. నా కోసం అంత ఏడుస్తుంటే, నా పెళ్లానికి అన్ని తిట్లు పడుతుంటే, హాయిగా పడుకున్నాను.

సూర్యాపేటలో కరెంటు చెప్పిన టైముకు రాదు గానీ చెప్పిన టైముకు పోతుంది. పోయింది. మిషన్ ఆగింది. ముక్కు మూసినట్టయి, పోయినవాణ్ని దిగ్గున లేచి కూర్చున్నాను, తొండంతో సహా. కళ్ల ముందు జుట్టు విరబోసుకున్న ముగ్గురు ఆడవాళ్లు. మాస్కు పీకి నేను అడిగిన మొదటి మాట, "ఎవలు పోయిండ్రు?"

చుట్టపామెల్లో ఒకామె వంటింట్లోకి, ఒకామె వాకిట్లోకి. అత్త మాత్రం కదల్లేదు. నన్ను పైనుంచి కిందికి చూసి కళ్లు తుడుచుకుంది.

"సావకపోతె సావలేదని ఫోన్ చెయ్యొద్దార? గొంతు పోయింది నాది!"

నన్ను కొట్టింది, నెత్తి నిమిరింది, మళ్లీ కొట్టింది. మా ఆవిడ ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చి, "మీ అమ్మాయిని చేసుకుని ఉంటే ఈ గురకంతా మీ ఇంటికే వచ్చేది అత్తయ్యా. నేను మీకెంత మేలు చేశానో చూడండి" అంది. అత్త నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "అదిన్నూ నిజమే" అంది.

టీలు అయ్యాక మా ఆవిడ నా ముందుకొచ్చి నిలబడి కొంగు ముడి విప్పసాగింది. ముడి చాలాసేపు రాలేదు.

"ఇంత శోకంలో లేవలేదంటే అది దొంగనిద్ర కాదు. పట్టండి" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేను మూసేలోపే తన చేత్తో నా గుప్పిటను పట్టుకుంది. "ఇవాళ గిర్ని దాకానే. ఇంట్లో చారెడు పిండి లేదు, అంతా గుమ్మంలోనే ఉంది. రాత్రి కూడా ఇట్లాగే పడుకుంటే రేపు బస్టాండు దాకా. మిర్యాలగూడ ఇంకా చానా దూరం ఉంది."

జొన్నల సంచి ట్యాంకు మీద పెట్టుకుని బండి తీశాను. దిగబెడతాను రమ్మంటే, సచ్చి లేసినోని బండి ఎక్కనని అత్త మొండికేసింది. మా ఆవిడ గేటు పట్టుకుని నిలబడింది. ఎన్నాళ్లకో చేతికొచ్చిన బండి, కళ్లు ఇంతింత తెరుచుకుని పోతున్నాను. మలుపు తిరగబోతుంటే వెనక నుంచి అత్త, పోయిందన్న గొంతుతోనే, వాడంతా వినబడేట్టు అరిచింది.

"అల్లుడా! హారన్ కొట్టుకుంట పోర! ఉన్నవని తెలుస్తది!"