చెరువు ఒక్క నెలలో బాగుపడలేదు

నీళ్ళ పరీక్షల ల్యాబులో ఆమెను అందరూ పిన్ని అనే పిలిచేవారు. ఊరు తాగే చెరువు నీటిలో, మురుగుతో వచ్చి నాచును పెంచే భాస్వరం ఎంతుందో చూడడం ఆమె పని. నీళ్ళలో మందు కలిపితే నీలం రంగు తేలుతుంది. రంగు ముదిరేకొద్దీ భాస్వరం ఎక్కువున్నట్టు; ఎంత ముదిరిందో మీటరు అంకెల్లో చూపిస్తుంది. పడవ మీద వెళ్ళి సీసాలు నింపుకొచ్చేది ఆమె భర్తే. వాళ్ళ మనసులు కలిసిందీ ఆ సీసాల దగ్గరే. మూత సరిగ్గా బిగించలేదని ఆమె కసిరితే, మర్నాడు కూడా కసరాలని వదులుగానే బిగించి తెచ్చాడట.

ఆమె రిటైరవబోయే ముందు, వానాకాలంలో, ల్యాబుకు కొత్త యంత్రం వచ్చింది. దానితోపాటు ఒక కెమిస్టు అమ్మాయి వచ్చింది. ఆ నెలే భాస్వరం సగానికి పడిపోయింది. చెరువు బాగుపడిందని పైఆఫీసు మురిసిపోయింది. పిన్నికి మాత్రం ముద్ద దిగలేదు.

"చెరువేమైనా మారిందా?" అని భర్తనడిగింది.

"ఎక్కడ మారిందీ? నాచు ఇంకా తెడ్డుకు చుట్టుకుంటూనే ఉంది."

"అయితే ఇన్నేళ్ళూ నేనే తప్పు చెప్పానేమో."

ఆయన ఆమె ముందు చల్లారిపోయిన టీ తీసుకెళ్ళి, వేడి చేసి తెచ్చాడు.

మర్నాడు ఆమె కెమిస్టు దగ్గరికి వెళ్ళింది. "అమ్మాయ్, ఒకే సీసా నీళ్ళు ఇద్దరం చూద్దాం. నువ్వు నీ పద్ధతిలో, నేను నా పద్ధతిలో."

"నేనూ అదే అడుగుదామనుకున్నా పిన్నీ. మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నా."

వానల్లోనూ ఎండల్లోనూ పక్కపక్కనే కూర్చుని చూశారు. తేటనీళ్ళలో ఇద్దరి లెక్కా ఇంచుమించు ఒకటే. బురద కలిసినప్పుడే పిన్ని అంకెలు పైకెగిరేవి. కొత్త పద్ధతిలో నీళ్ళు ముందు వడగడతారు, పాతదానిలో వడగట్టరు. బురద మసకను కూడా పాత మీటరు రంగుగానే లెక్కేసింది.

"వానాకాలం లెక్కలన్నీ ఎక్కువే చెప్పానన్నమాట" అంది పిన్ని.

"ఎంత ఎక్కువో ఇప్పుడు తెలిసింది కదా పిన్నీ. అంతమేర తగ్గించి చూద్దాం."

అలా చూస్తే చెరువు నిజంగానే బాగుపడుతోంది. కాకపోతే ఒక్క నెలలో కాదు, చెరువులోకొచ్చే మురుగుకాలువలు పక్కకు మళ్ళించినప్పటినుంచీ ఏటా కాస్త కాస్తగా. పద్ధతి మారినచోట గ్రాఫులో నిలువుగీత గీసి, కింద కారణం రాశారు. పైఆఫీసు కొంచెం చిన్నబోయినా కాదనలేదు.

రిటైరైన వారానికి భర్త ఆమెను పడవెక్కించాడు. అన్నేళ్ళూ చెరువును సీసాల్లోనే చూసిన మనిషి, నడిమధ్యకు వెళ్ళాక నీళ్ళలో చెయ్యి పెట్టింది.

"ఇంత చల్లగా ఉంటాయా?"

"పొద్దున్నపూట ఇంతే" అని ఆయన తెడ్డు ఆపి, ఆమె చెయ్యి తీసేదాకా కూర్చున్నాడు.