ముక్కుగారు చూసిన కారు

మా బావకు మెకానిక్ షెడ్డు ఉంది. అయినా పాత కార్లు వేలం వేసే యార్డులో ఆయన్ను మెకానిక్ అనేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆయన ముక్కుగారు. ఎదురుగానే అలా పిలుస్తారు, ఈయనా పలుకుతాడు. మా అక్క పెళ్లైన కొత్తలో ఆ పేరు విని మూతి ముడిచింది. తర్వాత ఆవిడే, "ముక్కుగారూ, పాలు మాడుతున్నాయేమో కాస్త అక్కడినుంచే చూడండి" అని ఆటపట్టించేది.

వేలంలో కారు కొనడం ఆషామాషీ వ్యవహారం కాదు. నడిపి చూడనివ్వరు. తలుపు తీయొచ్చు, బానెట్ ఎత్తొచ్చు, ఒకసారి స్టార్ట్ చేసి చెవి పెట్టి వినొచ్చు, అంతే. పాట మన పేరున ఖాయమయ్యాక బండి మనది, దాని రోగాలూ మనవే. ఆ రోగాల్లో అన్నిటికంటే పెద్దది నీళ్లు. వరదలో మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి, పెళ్లికూతురిలా ముస్తాబు చేసి నిలబెడతారు. కొన్నాళ్లకి లోపలి వైర్లు ఒక్కొక్కటే చస్తాయి, ఆ తర్వాత తల బాదుకోవడమే మిగులుతుంది. మా బావ తలుపు తీసి, మెడ వంచి, సీటు కింద ముక్కు పెట్టేవాడు. సెంటు చాటున దాక్కున్న బురద వాసన ఆయనకు దొరికిపోయేది. ఆయన మొహం చిట్లించిన బండిని పాడుకోవడానికి ఒక్కడు కూడా ముందుకొచ్చేవాడు కాదు.

ఆయనకో నియమం ఉంది. కారు కొనడానికి వచ్చినవాణ్ని ముందు పక్కకి నెట్టేవాడు. "నీకు బండి మీద మనసైపోయింది. ఇక నీ ముక్కు నిజం చెప్పదు. జరుగు, నన్ను చూడనీ" అనేవాడు.

మా అక్క ఎండాకాలంలో పోయింది. జ్వరం ముందు బావకు వచ్చింది, తర్వాత ఆవిడకు. ఆయన లేచాడు, ఆవిడ లేవలేదు.

బావ ఏడవలేదు. షెడ్డు తీశాడు, బండ్లు బాగుచేశాడు, పెట్టింది తిన్నాడు. నాకూ ఏడుపు రాలేదు. అక్క లేదన్న సంగతి పొద్దున్నే పేపర్లో చదివిన వార్తలా తెలిసేది, మడిచి పక్కన పెడితే అయిపోయేది. నా మీద నాకే చిరాకుగా ఉండేది. ఒకరోజు నేను వెళ్లేసరికి పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతోంది. బావ అక్కడే కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నాడు. దిగులు మనిషిని ఇంత మొద్దుబారుస్తుందా అనుకుని పొయ్యి కట్టేశాను.

ఒక్క విషయంలోనే ఆయన నోరు పెగిలేది. అక్క దిండు గలీబు ఉతకనివ్వడు. బట్టలు ఉతికే రోజున కూతురు దాని మీద చెయ్యి వేస్తే చాలు, "అది వదిలెయ్" అనేవాడు.

ఆ కూతురికి, అంటే నా మేనకోడలికి, ఒక ఉద్యోగం కుదిరేలా ఉంది. మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించే వ్యాయామం చేయించాలి. సొంత కారుంటేనే ఇస్తామన్నారు. కూడబెట్టుకున్నదంతా ఒకే బండి మీద పెట్టాలి, అది మొరాయిస్తే ఇంకోటి కొనే తాహతు లేదు. "నాకేం భయం మామయ్యా, నాన్న ఉన్నాడుగా" అంది. ముగ్గురం యార్డుకు వెళ్లాం.

దాని కన్ను ఒక నీలం రంగు చిన్న కారు మీద పడింది. బావ బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మనం వచ్చేలోపే వేడి చేసి పెట్టిన ఇంజన్ తన జబ్బు బయటపెట్టదు, కాబట్టి చల్లగా ఉండటం మంచిదే. స్టార్ట్ చేశాడు, చప్పుడు బాగానే ఉంది. తలుపు తీసి మెడ వంచాడు. చుట్టూ నలుగురూ ఆయన మొహంకేసే చూస్తున్నారు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాడు.

బెల్టు లాగి, లోపలి కొసన బురద చార ఉందేమో చూడటం అందరూ చేసేదే, చేయాల్సిందే. కానీ అలా లాగేవాళ్లను చూసి "ముక్కు లేనివాళ్ల విద్య" అని జన్మంతా వెక్కిరించిన మనిషి ఈయన. పోనీ, ఆ బెల్టు కూడా ఏమీ చెప్పలేదు. అది కొత్తది. పాత కారుకు కొత్త బెల్టు ఎందుకు వేశారో ఎవరికి తెలుసు?

"ఏంటి ముక్కుగారూ, జలుబు చేసిందా?" అన్నాడో దళారి. అందరూ నవ్వారు.

"జలుబు కాదు. నాకు వాసన తెలియట్లేదు. జ్వరం వచ్చినప్పటినుంచీ ఏ వాసనా తెలియట్లేదు" అన్నాడు బావ, టైమెంతైందో చెప్పినట్టు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన కూతురి వైపు తిరిగి, "నువ్వు చూడమ్మా" అన్నాడు.

"నేనా? నాకీ కారు కావాలి నాన్నా. మనసుపడ్డవాళ్లు చూడకూడదని నువ్వేగా అంటావు?"

"కావాలన్న సంగతి కాసేపు పక్కన పెట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అది మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద తల పెట్టింది. లేచేసరికి కళ్లు ఎర్రబడ్డాయి. "పైన నిమ్మకాయ సెంటు. దాని కింద తడిసిన గోనెసంచి వాసన" అంది. కారు తలుపు తనే మూసేసి, "వద్దు నాన్నా" అంది.

ముక్కుగారి మాటకు ఇక విలువ లేదుగా, మా వెనకే ఒకాయన ఆ కారును సంబరంగా పాడుకున్నాడు. మళ్లీ వేలం జరిగేదాకా ఆ ఉద్యోగం ఆపుతారో లేదో తెలియదు.

ఇంటికి రాగానే బావ చెప్పులైనా విప్పకుండా గదిలోకి వెళ్లి, అక్క దిండు తెచ్చి కూతురి ఒళ్లో పెట్టాడు.

"ఇది కూడా చూడు. రోజూ చూస్తున్నా, నాకు తెలియట్లేదు. మీ అమ్మ వాసన ఇంకా ఉందా?"

అది దిండులో మొహం దాచుకుంది. తల ఎత్తి, "ఉంది నాన్నా" అంది.

"నీకు కావాలి కాబట్టి ఉందంటున్నావు" అన్నాడు ఆయన. దిండు తీసి నా చేతికిచ్చాడు. "ఒరేయ్, నువ్వు చెప్పు."

మొహం ఆనించాను. అక్క తలనూనె వాసన వచ్చింది. నిజంగా వచ్చిందో, రావాలని నేనే అనుకున్నానో, ఇప్పటికీ చెప్పలేను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

"ఉంది బావా" అన్నాను.

ఆయన నమ్మలేదు. ఇంకెవరినైనా అడుగుదామన్నట్టు గదంతా చూశాడు. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం.