ప్రార్థన పెట్టె పంపిన జవాబు

జీవమ్మ మీద ఆమె పనిచేసే ఇంటి మేడమ్‌కు చాడీలు చెప్పింది మెర్సీయేనని శుక్రవారం ప్రార్థన కూడికలో అందరూ అనుకున్నారు. ఇద్దరూ ఈ అరబ్బు దేశంలో, మహూజ్ పేటలో, ఒకే భవనంలో, వేర్వేరు ఇళ్లలో పనిచేస్తారు. మేడమ్ జీవమ్మకు శుక్రవారం సెలవు తీసేసింది. అప్పటినుంచి మెర్సీ పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

"పైకి చూస్తే నంగనాచి. ఏం చాడీలు మోసిందో మరి!" అంది క్రిస్టీనా.

వెనక వరసలో కాలేబు తలెత్తలేదు.

కాలేబు ఏసీలు బాగుచేస్తాడు. పదో తరగతితో చదువు ఆగింది. గలాలీ పేటలోని తన గదిలో, పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, వీడియోలు చూస్తూ ప్రోగ్రాములు రాయడం నేర్చాడు. కూడికకు పాటల పుస్తకం చేసిపెట్టాడు. తర్వాత ప్రార్థన పెట్టె చేశాడు. ఫోనులో మనవి రాసి పంపితే పాస్టరుగారికి చేరుతుంది. అందరూ మెచ్చుకునేసరికి పొంగిపోయి, ఎవరూ అడగకుండానే ఇంకొకటి చేర్చాడు. మనవి ఏ నంబరునుంచి వచ్చిందో ఆ నంబరుకే 'మీ కోసం ప్రార్థించాం' అని, ఆ మనవితో సహా, శుక్రవారం జవాబు వెళ్తుంది.

జీవమ్మ తన ఫోనులో బ్యాలెన్స్ లేక మేడమ్ ఫోనునుంచి పంపి, చెరిపేసింది. 'ప్రభువా, ఈ ఇల్లు మాన్పించి వేరే ఇల్లు చూపించు' అన్నది ఆమె మనవి. అది తిరిగి మేడమ్ చేతికే వెళ్లింది. తర్జుమా చేసుకోవడానికి ఫోనుకెంతసేపు!

పంపిన జవాబుల జాబితాలో జీవమ్మ పేరు పక్కన ఆ కొత్త నంబరు చూడగానే కాలేబుకు అర్థమైంది. ఆ రోజే జవాబులు ఆపేశాడు. నోరు మాత్రం విప్పలేదు.

మూడో శుక్రవారం మెర్సీ టీ కప్పుల పళ్లెం అందిస్తే, క్రిస్టీనా చేయి చాపలేదు. కాలేబు బయటికి వెళ్లి జీవమ్మకు ఫోను చేశాడు.

"వందనాలక్కా. మెర్సీ ఏం చెప్పలేదు. నా ప్రోగ్రామే మీ మనవిని మేడమ్ ఫోనుకి తిరిగి పంపేసింది. తప్పు నాదక్కా."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది బాబూ?"

"ఆ వారమే."

"మరి ఇన్నాళ్లూ ఆ పిల్లని అందరూ ఆడిపోసుకుంటుంటే చూస్తా కూర్చున్నావా? నాకేం దాపరికం మిగల్లేదు. ఎళ్లి అందరి ముందూ చెప్పు."

కాలేబు లోపలికొచ్చి, నిలబడి, ఆ మనవిలో ఏముందో దానితో సహా అంతా చెప్పాడు. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. క్రిస్టీనా కొంగు సర్దుకుంది.

మెర్సీ పళ్లెం కింద పెట్టి, "జీవమ్మక్క ఇల్లు మారాలనుకుందా అన్నయ్యా?" అని అడిగింది.

జీవమ్మ ఆ సంగతి మెర్సీకి ఎన్నడూ చెప్పనేలేదు.