దుక్మ్ దారిలో విన్న గ్వాటెమాలా

ఒమాన్ రేవు పట్నం దుక్మ్‌లో మా సైట్ ఆఫీసులో ఇద్దరమే ఆడవాళ్లం. మాది కాకినాడ, డ్రాయింగులు, కాగితాలు చూసుకోవడం నా పని. ఆమెది గ్వాటెమాలా, వెల్డింగ్ తనిఖీ చేస్తుంది. మధ్య అమెరికాలో అలాంటి దేశం ఉందని ఆమె వచ్చేదాకా నాకు సరిగ్గా తెలియదు.

ఒకరోజు ఉదయం ఆమెకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఏదో విని కుర్చీలో కూలబడింది. భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

"నాన్న దొరికాడు," అంది.

ఆమె తల్లి కడుపులో ఉండగానే తండ్రిని సైనికులు పట్టుకుపోయారట. మళ్లీ కబురు లేదు. ఇన్నేళ్లకు ఒక పాత సైనిక స్థావరంలో తవ్వితే బయటపడిన ఎముకల డీఎన్ఏ, ఆమె ఎప్పుడో పరీక్షకిచ్చిన రక్తంతో సరిపోయింది.

మేనేజరు వెంటనే సెలవిచ్చాడు. ఒంటరిగా పంపబుద్ధి కాక మస్కట్ విమానాశ్రయం దాకా నేనూ కంపెనీ కారెక్కాను. డ్రైవరుది జగిత్యాల. ఆమె తన దేశం సంగతులు ఇంగ్లిష్‌లో చెబుతుంటే నేను అతనికి తెలుగులో చెబుతూ వచ్చాను.

దేవతలు మొక్కజొన్న పిండితో తమను చేశారని ఆమె పూర్వీకులైన మాయా ప్రజల నమ్మకం. వాళ్లు అడవుల్లో రాతి గుళ్లు కట్టారు, నక్షత్రాలు చూసి కాలం లెక్కగట్టారు. తర్వాత స్పెయిన్ వాళ్లు గుర్రాలతో, మశూచితో వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొండజాతుల భూములు కాఫీ తోటలకు పోయాయి. రైళ్లూ రేవులూ అరటిపండ్ల విదేశీ కంపెనీ చేతిలోకి వెళ్లాయి. పేదలకు భూమి పంచబోయిన అధ్యక్షుణ్ణి అమెరికా అండతో దించేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అంతర్యుద్ధం, సైన్యం తగలబెట్టిన ఊళ్లు.

"మా నాన్న చేసిందల్లా భూమి అడిగేవాళ్ల సమావేశానికి వెళ్లడమే," అంది.

"ఇప్పుడెట్లున్నది మేడమ్ ఆళ్ల దేశం?" అని డ్రైవరు అడిగాడు.

ఆమె ఆలోచించి చెప్పింది. "నేను బళ్లో ఉండగా శాంతి ఒప్పందం కుదిరింది. కొందరు సైనికాధికారులు కోర్టులో నిలబడ్డారు. నాన్నలా మాయమైనవాళ్లు ఇంకా చాలామంది దొరకాలి. కానీ పట్నం వెళ్తే మా అమ్మ భయపడి దాచుకున్న మా మాయా భాషను ఇప్పుడు మా ఊరి బళ్లో పిల్లలకు నేర్పుతున్నారు."

"అమ్మకు చెప్పిండ్రా మరి?"

"చెప్పారు. ఇక తలుపు గడియ వేసుకుంటానందట. ఆయన వస్తాడేమోనని ఇన్నేళ్లూ వేయలేదు."

నేను తెలుగులో చెప్పాను. డ్రైవరు మెల్లగా అన్నాడు. "మంచిగైంది మేడమ్. ఇగ ఎదురుచూసుడు లేదు."

ఆ మాట నేను ఇంగ్లిష్‌లో చెప్పగానే ఆమె మొదటిసారి ఏడ్చింది. ఏడ్చి ముఖం తుడుచుకుని ఆకలేస్తోందంది. దారిలో సినావ్ అనే ఊళ్లో హోటల్ దగ్గర ఆగాం. ఉదయం నుంచి ఏమీ తిననిది, రెండు పరోటాలు తిని టీ మళ్లీ తెప్పించుకుంది. ఆమె తింటుంటే నాకూ ఊపిరాడినట్టయింది.

ఊరెళ్లాక అంత్యక్రియల వీడియో పంపింది. చిన్న పెట్టె, దాని మీద నేత గుడ్డ, పూలు, వెనకాల ఊరంతా. వాయిద్యాలు మోగుతున్నాయి. తల్లి ముందు నడుస్తోంది, తల పైకెత్తి.

సెలవు ముగిశాక ఆమె తిరిగొచ్చి హెల్మెట్ పెట్టుకుని డ్యూటీకి బయలుదేరబోతుంటే, ఎలా ఉందని అడిగాను.

"తేలిగ్గా ఉంది. రాత్రిళ్లే కునుకు పట్టని అమ్మ ఇప్పుడు మధ్యాహ్నాలు కూడా నిద్రపోతోంది," అని నవ్వి సైట్‌కు వెళ్లింది.