గోగునారతో కట్టిన కాలు

పటాలంలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన మా మేనమామ, నెల్లిమర్ల దాటాక తన మామిడితోటలో స్వారీ నేర్పుతాడు. బ్యాంకు కుర్చీలో నడుం పట్టేసిన నేను ఆయన శిష్యురాలినయ్యాను. నడక, పరుగు బాగానే వచ్చాయి. అడ్డకర్ర దూకించే దగ్గరే నా పరువు పోయేది. గుర్రం లేవగానే, స్కూటీకి స్పీడ్‌బ్రేకర్ అడ్డమొచ్చినట్టు మోకాళ్లు బిగించేదాన్ని. మోకాలు బిగిస్తే పిక్క వదులై కాలు వెనక్కి ఎగురుతుంది. దిగేటప్పుడు నా బరువంతా ధబీమని జీను మీద పడేది.

"ఒసే, అది గుర్రమే, రోలు కాదు! దాని నడుం ఇరగ్గొట్టేస్తావేటి?" అని అరిచేవాడు మావయ్య. నిజంగానే నేనెక్కే ఆడగుర్రానికి వీపు నొప్పి మొదలవుతోంది. ఈ ఆదివారం కూడా కాలు ఊగితే నన్నిక దాని మీద దూకనివ్వనని తేల్చేశాడు. నాకేమో దూకడమంటే పిచ్చి.

కాలు ఊగకుండా, పాదం పెట్టే రికాబును గుర్రం పొట్టకింది పట్టీకి కట్టుకొమ్మన్నది ఆయనే. "సన్నదారం కట్టు. పడితే తెగిపోవాల," అని కూడా చెప్పాడు. తెగిపోవడానికి కట్టడమేమిటి, మా ఇంట్లో వింటే నవ్వరూ? గేదెను కట్టినా, మంచం అల్లినా మాకు గోగునారే. నానమ్మ తొడ మీద పేనిన తాడు తెచ్చి, రెండు వైపులా గట్టిగా ముళ్లు బిగించాను.

కాలు అద్భుతంగా నిలిచింది. గుర్రం కూడా నిలిచిపోయింది, నొప్పికి జడిసి, సరిగ్గా కర్ర ముందు. నేను పక్కకు జారి, బూటు రికాబులో ఇరుక్కుని గబ్బిలంలా వేలాడాను. ఆ మహాతల్లి పరుగు తీసి ఉంటే ఈ ముక్క రాసేదాన్ని కాను. మావయ్య కొడవలితో తాడు కోశాడు.

"మావా, కాలు కదిలిందేటి?" అనడిగాను సిగ్గులేకుండా.

"నోర్ముయ్!"

ఆడగుర్రానికి సెలవిచ్చాడు. రికాబులు పీకేసి, వానాకాలమంతా నన్ను ముసలి గుర్రం మీద తోట చుట్టూ తిప్పాడు. బ్యాంకులో మేనేజరొచ్చినా కుర్చీలోంచి లేవలేకపోయేదాన్ని. మావయ్యను మనసులో తిట్టని తిట్టు లేదు. మెల్లగా మడమలు కిందికి దిగాయి, పిక్కలకు బుద్ధొచ్చింది.

మొన్న మళ్లీ ఆడగుర్రాన్ని తెచ్చి కర్ర పెట్టాడు. దూకాం. కాలి సంగతే నాకు గుర్తులేదు. దిగి ఆత్రంగా ఆయన మొహం చూశాను. ఆయన నావైపు చూడనే లేదు. జీను విప్పి, గుర్రం వీపు మీద అరచెయ్యి ఆనించి ఒత్తాడు. అది ఉలకలేదు, గడ్డి మేస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"దీనికి నొప్పి నేదు. రేపు కూడా రా," అన్నాడు.