నాలుక చెప్పేదాకా

మా ఊరి ఆసుపత్రి మూలికల గదిలో చ్యావ్ పెయ్‌యున్ పక్కన నేను పదకొండేళ్లు పనిచేశాను. గోడ నిండా సొరుగులు. ఏ సొరుగులో ఏముందో ఆమె చూడకుండానే తీసేది. తూచిన మూలికలను ఒకే కుప్పగా పోసేది కాదు. వైద్యుడు రాసిన వరుసలోనే కాగితం మీద విడివిడిగా పేర్చేది. రెండో మనిషి చీటీతో సరిచూశాకే పొట్లం కట్టేది. ఆ రెండో మనిషిని నేను. అన్నేళ్లలో నేను పట్టుకున్న తప్పు ఒక్కటే, అదీ ఆమెది కాదు, వైద్యుడిది.

ఒక చలికాలం పడవలో ఏరు దాటించే తొంగ్ తాతను కొడుకు వీపున మోసుకొచ్చాడు. కాళ్లు వాచాయి, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. దూ డాక్టరు రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత నాలుక చూశాడు. తెల్లగా, తడిగా ఉంది.

"ఒంట్లో నిప్పు ఆరిపోతోంది. మూడు రోజుల్లో రాజుకోకపోతే నా చేతుల్లో ఉండదు," అని కొడుకుతో చెప్పి, మూడు రోజులకు మందు రాశాడు. అందులో మొదటిది నాభి దుంప, అంటే వసనాభి.

నాభి మా లోయ పంటే. విషం. ముందు దాన్నొక్కదాన్నే గంటకు పైగా ఉడికించి, ఆ తర్వాతే మిగతా మూలికలు వేయాలి. మధ్యలో నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పడితే విషం విరగదని మా పెద్దల మాట. చలి మొదలైతే మేక మాంసంలో నాభి వేసి వండుకోని ఇల్లు మా దగ్గర లేదు. అందుకే ఎవరికీ దానంటే భయం లేదు.

పెయ్‌యున్ నాభిని వేరే పొట్లం కట్టి, తాత కోడలు చున్‌యింగ్‌కు ఇదంతా చెప్పింది.

"నాకా చెబుతున్నావు అక్కా? నేను పుట్టిందే నాభి చేల్లో," అంది చున్‌యింగ్.

మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది, చేదు పోవడానికి మామకు ఎండు రేగుపళ్లు కావాలని. మాటల్లో మాటగా అంది: "కుండ అడుగంటబోయింది. తొట్టిలోంచి చెంబుడు పోసి మిగతావీ వేసేశా. ఈపాటికి మా ఆయన వడగడుతుంటాడు."

పెయ్‌యున్ తక్కెడ కింద పెట్టింది. "చన్నీళ్లా?"

"మరి? ఉన్నది ఒక్క పొయ్యే కదా."

పనివేళలో పెయ్‌యున్ బల్ల వదిలి వెళ్లడం అంతకుముందు నేను చూడలేదు. ఆ రోజు ఏప్రన్ కూడా విప్పకుండా వెళ్లింది. నేనూ చున్‌యింగూ వెనకే పరుగెత్తాం.

కొడుకు గిన్నె తండ్రి నోటి దగ్గర పెట్టి ఊదుతున్నాడు. పెయ్‌యున్ గిన్నె లాక్కుని, ఒక చుక్క నాలుక కొన మీద వేసుకుని నిలబడింది. కాసేపటికి వాకిట్లోకి వెళ్లి ఉమ్మింది.

"నాలుక మొద్దుబారింది. విషం విరగలేదు. ఇది పనికిరాదు."

"ఉన్నవే మూడు రోజులు. అందులో ఒక రోజు మందు పారబోస్తావా?" అన్నాడు కొడుకు.

"రేపటి పొట్లం ఇప్పుడు వండుతా. రేపటిది మళ్లీ నేనే తెస్తా."

పక్కింటి పొయ్యి మీద నీళ్లు మరగబెట్టించి, తాత పొయ్యి ముందు తనే కూర్చుంది. గంట దాటాక రుచి చూసింది. తల అడ్డంగా ఊపి మళ్లీ మంట ఎగదోసింది. మూడోసారికి గానీ ఆమెకు నమ్మకం కుదరలేదు. అప్పుడు మిగతావి వేసింది.

తీరా గిన్నెలో పోసి ఇస్తే తాత మొహం తిప్పుకున్నాడు.

"నేను తాగను. విషంతో చావడం కంటే చలితో చావడం నయం. నలభై ఏళ్లు ఏట్లో ఉన్నాను, చలి నాకు చుట్టం."

"చుట్టాన్ని ఇన్నాళ్లు ఇంట్లో ఉంచుకుంటారా తాతా?" అని పెయ్‌యున్ చిన్న కప్పులో కొంచెం పోసుకుని తాగింది. ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "చూస్తూ ఉండు. నా మూతి వంకరపోతే నీ పడవలోనే సాగనంపుదువు గాని."

తాత నవ్వలేదు. ఆమె పెదాలనే చూస్తూ కూర్చున్నాడు. చున్‌యింగ్ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు.

చాలాసేపటికి తాత అన్నాడు: "ఏదీ, మాట్లాడు. నాలుక తడబడితే తెలిసిపోతుంది."

ఏ మూలిక ఏ మూలికతో కలవకూడదో చెప్పే పాత పద్యం ఒకటుంది. మా పనిలో చేరినవాళ్లు ముందు దాన్నే కంఠస్థం చేస్తారు. పెయ్‌యున్ దాన్ని మొదలు నుంచి చివరిదాకా చదివింది. ఒక్క అక్షరం జారలేదు.

తాత గిన్నె కోసం చేయి చాపాడు. చున్‌యింగ్ వచ్చి గిన్నె కింద రెండు చేతులూ పట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే చున్‌యింగ్ కొత్త చీటీతో మా బల్ల దగ్గరికి వచ్చింది. పెయ్‌యున్ నోరు తెరవకముందే అప్పజెప్పడం మొదలుపెట్టింది: "ముందు అదొక్కటే. గంటకు పైగా. పోస్తే వేణ్నీళ్లే. తర్వాత నాలుక మీద వేసుకుని చూడాలి."

"ఎవరి నాలుక?"

"నాదే అక్కా," అంది చున్‌యింగ్. "మామ పాదాలు వెచ్చబడ్డాయి."