దామోదరం మేస్త్రి చెప్పిన నాలుగు జపాను బళ్ళు

పన్నెండేళ్ళ కింద మన తెలుగు సంఘం వార్షిక సంచికలో జపాను మోటారుసైకిళ్ళ మీద నేనొక వ్యాసం రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. కొందరు దాన్ని నమ్మి బళ్ళు కొన్నారు కూడా. ఆ వ్యాసంలో ఉన్న తెలివంతా గుడియాత్తం మెకానిక్ దామోదరం మేస్త్రిది. ఆయన పేరు మాత్రం అందులో ఒక్కచోట కూడా లేదు. మరిచిపోయి కాదు, తెలిసే విడిచిపెట్టాను.

పోయిన నెల ఒక గురువారం పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలకు బోర్డు మీద లెక్క వేస్తుండగా మేస్త్రి భార్య రాజమ్మక్క ఫోను చేసింది. "మీ అన్న పోయినాడప్పా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఊపిరితిత్తుల జబ్బని తెలుసు, డాక్టర్లు చెప్పిన గడువూ తెలుసు. అయినా సుద్దముక్క చేత్తో పట్టుకొని, సగం వేసిన లెక్క ఏమిటో గుర్తురాక అట్లాగే నిలబడిపోయాను. పిల్లలే మెల్లగా పుస్తకాలు మూసుకున్నారు.

గుడియాత్తంలో పేర్నంబట్టు రోడ్డు మీద ఆయన కడ, అంటే రిపేరు అంగడి. పైన రేకు, కింద నూనె ఇంకి నల్లబడిన నేల. తరతరాలుగా ఈ తమిళ నేల మీదే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, కడలో తమిళం, ఇంజనుతో రెండూ మాట్లాడేవాడు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఈ సంచిక చేతికి తీసుకొనేవాళ్ళకు అదేమీ వింత కాదు. మన ఇళ్ళలో సగం మందికి పక్కవాళ్ళు చదివి వినిపించాల్సిందే. నా తప్పు పుట్టింది కూడా అక్కడే.

ముప్పై ఏళ్ళ కింద, ఉద్యోగం కొత్తలో, నేనొక యమహా నూరు సీసీ బండి కొన్నాను. పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన బండి. ఒకరోజు కలపడం మరిచి వేలూరు నుంచి తోలుకొచ్చాను. గుడియాత్తం ఊరి మొదట్లో ఇంజను బిగుసుకుపోయింది. తోసుకుంటూ మేస్త్రి కడకు చేరి, తప్పు నాదని ఒప్పుకోలేక, ఈ బండి మోసం చేసింది, హోండా కొనివుండాల్సింది అని గొణిగాను. ఆయన ట్యాంకు మూత తీసి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకొని వేళ్ళతో రుద్దాడు. జిగురు తగల్లేదు.

"బండి మోసం చెయ్యలేదప్పా. ఆకలేస్తాందని చెప్పుంటాది, నీకు వినబడలే" అన్నాడు.

ఆ రోజే ఆయన పలక చూశాను. గోడవారగా ఒక టేకు పలక. దాని మీద హోండా, యమహా, సుజుకీ, కవాసాకి, ఈ నాలుగు కంపెనీల నూరు సీసీ బళ్ళలో పనికిరాకుండా పోయిన భాగాలు కడిగి వరసగా పేర్చి ఉంటాయి. బండి ఇచ్చి బల్ల మీద కూర్చొని పేపరు చదువుకోవడం ఆయన దగ్గర కుదరదు. సొంతదారు పక్కనే కూర్చోవాలి, వేలు పెట్టి చూడాలి. ఏ బండైనా ముందు అది యాడ ఊపిరి పీలుస్తాదో చూడు, మిగతాది అదే చెప్తాది అనేవాడు. యమహాలో, సుజుకీలో సన్నని రెక్క. ఇంజను లోపలికి లాగినప్పుడు తెరుచుకొని మళ్ళీ మూసుకుంటుంది. కవాసాకిలో గుండ్రని బిళ్ళ తిరుగుతూ ఉంటుంది. దానిలోని కోత ఇంజను దారికి ఎదురుగా వచ్చినప్పుడే గాలి లోపలికి పోతుంది. హోండాలో పైన కవాటాలు, వాటిని కదిలించే కామ్, ఆ కామ్‌ను తిప్పే చైను. ఇవన్నీ నా వేలితోనే తడిమించి, జపాను చిన్న దేశమంటారే, ఒకరి పక్కన ఒకరు కూర్చొని కూడా చూసి రాయలేదు చూసినావా, నీ క్లాసులో పిల్లకాయలైతే ఊరికే ఉంటారా అని నవ్వాడు.

ఆ కుతూహలమే ఆయన్ని తక్కిన మెకానిక్కులనుంచి వేరుచేసింది. వాళ్ళు బండి ఎక్కడ చెడిందో వెతికేవాళ్ళు. ఆయన ముందు అదెందుకట్లా చేసి ఉంటారో ఆలోచించేవాడు.

ఏ కంపెనీ మేలు అని అడిగితే మాత్రం ఆయనకు చిరాకు. "ఎవురికి? ఏ దోవకి? ఏం మోస్తావు?" ఈ మూడూ అడగకుండా జవాబు చెప్పేవాడు కాదు. ఒకసారి లుంగీలు నేసే ఒకాయన, బావమరిది యమహా కొన్నాడని తానూ అదే కొంటానని వచ్చాడు. మేస్త్రి ఆయన్ని ఇంటికి పంపి, రోజూ మోసే లుంగీ మూటలు తెమ్మన్నాడు. రిపేరుకు వచ్చి బాగైన బళ్ళ సొంతదారులు అక్కడే కూర్చొని ఉన్నారు. వాళ్ళను అడిగి నాలుగు కంపెనీల బళ్ళూ తీసుకొని, ఒక్కొక్కదానికి అవే మూటలు కట్టి పేర్నంబట్టు వైపు ఎత్తు ఎక్కించాడు. యమహా కోపంగా ఎగిరి దూకింది గాని, నిదానంగా పోవలసి వచ్చినప్పుడు విసుక్కుంది. హోండా గొంతు పెంచకుండా ఎక్కింది గాని పైకి చేరేసరికి మేకల మందే ముందు పోయింది. సుజుకీ మెత్తగా, చెప్పినట్టు పోయింది. అయితే దాన్ని ఎవరూ తిరిగి చూడరని నేతాయన మనసు చిన్నబుచ్చుకున్నాడు. కవాసాకి తక్కువ వేగంలోనే బరువు లాక్కుపోయింది. నేతాయన అదే కొన్నాడు. ఆ బండికి పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటరు పక్క మూత వెనక దాగి ఉంటుంది. దుమ్ము పడితే శుభ్రం చేయడం చాకిరీ. ఆ చాకిరీ ఎట్లా చేసుకోవాలో మేస్త్రే ఒక మధ్యాహ్నమంతా కూర్చొని నేర్పాడు. నేర్పితే గిరాకీ పోదా అన్నాను. వాడు దాన్ని తీసి పెట్టి నాలుగు సంగతులు కనిపెట్టి నాకే చెప్తాడప్పా అన్నాడు. నిజంగానే ఆ నేతాయన కొన్నాళ్ళకు ఏదో కనిపెట్టుకొని పరిగెత్తుకొచ్చాడు.

పొన్నై వైపునుంచి ఒక పాలాయన హోండా తెచ్చాడు. పెట్రోలు తాగదు, శబ్దం చేయదు, రెండేళ్ళుగా చేయి పెట్టనే లేదని గొప్పగా చెప్పాడు. రెండేళ్ళుగా ఇంజను నూనె కూడా మార్చలేదని మేస్త్రి నోరు తెరిపించి చెప్పించాడు. పైభాగం విప్పి, గీతలు పడి అరిగిపోయిన కామ్ పాలాయన చేతిలో పెట్టాడు. "ఇది అడగదు సామీ. అడగనిదాన్నే మనం మరిచిపోయేది" అన్నాడు. ఆ మాట నేను పక్కనే ఉండి విన్నాను. వ్యాసంలో వాడుకున్నాను కూడా, నా మాటగానే.

మేస్త్రికి అరవై దాటాక వేలూరునుంచి ఒక నర్సమ్మ కొత్తరకం యమహా తెచ్చింది. కార్బురేటరు లేదు, కంప్యూటరు పెట్రోలు చిమ్ముతుంది. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, నాకు దీని సంగతి తెలీదమ్మా, వారం ఇస్తే నేర్చుకుంటా, లేదంటే షోరూముకు పో అన్నాడు. ఆమె వారం ఇచ్చింది. భాష తెలియని హిందీ వీడియోలు ఫోనులో చూసి, చేతుల కదలికలను బట్టి నేర్చుకున్నాడు. ఈ వయసులో ఎందుకన్నా అంటే, జపానోడు నేను చచ్చేదాకా ఆగతాడా అన్నాడు.

ఇట్లాంటి మనిషి దగ్గర పద్దెనిమిదేళ్ళు కూర్చొని నేను వ్యాసం రాశాను. "నా స్వీయ పరిశీలనలో తేలినవి" అని మొదలుపెట్టాను. సంచిక చూసే పెద్దాయన ఇవన్నీ నీకెట్లా తెలుసునని అడిగితే, చదివి తెలుసుకున్నానన్నాను. లెక్కల మాస్టారు నూనె మరకల కడలో బల్ల మీద కూర్చొని నేర్చుకున్నాడంటే చిన్నతనమనిపించింది. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. చివరి పేరాలో యమహాకు మొదటి స్థానం కూడా ఇచ్చాను. ఆయన జీవితమంతా ఇవ్వనన్న తీర్పు అది.

సంచిక అచ్చయి వచ్చిందని విని ఆయనే ఫోను చేశాడు. పోయేసరికి కిరసనాయిలుతో చేతులు కడుక్కొని, ఉతికిన చొక్కా వేసుకొని కూర్చున్నాడు. చదువప్పా, మాట వస్తాది గాని నాకు అచ్చరం రాదు గదా అన్నాడు. రాజమ్మక్క వచ్చి గడప దగ్గర నిలబడింది. చదువుతూ తల ఎత్తి చూశాను. ఆయన దేనికోసమో ఎదురుచూస్తున్నాడు. నా నోట్లోనుంచి "గుడియాత్తం దామోదరం మేస్త్రి చెప్పినట్టుగా" అని వచ్చేసింది. కాగితం మీద ఆ మాట లేదు. ఆయన తల వంచుకున్నాడు, పొగడ్త విన్న పెళ్ళికొడుకులాగా. మరో రెండుచోట్ల కూడా అట్లాగే చేర్చి చదివాను. చివరి పేరా చదవనే లేదు.

"నా పేరు యాడుండాది? చూపించు" అన్నాడు.

ఏదో ఒక వరస మీద వేలు పెట్టాను. కొలతలకు గుర్తులు గీసుకొనే ఎర్ర పెన్సిలు తీసి, ఆ వరస కింద వంకర పోకుండా గీత గీశాడు. "గొలుసుకు నూనె వేయడం మరవరాదు" అన్న వరస అది.

ఆ పేజీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి పలక పైన గోడకు తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. తమిళులకు అది బొమ్మతో సమానం. అప్పుడప్పుడు పలమనేరు వైపునుంచి తెలుగు చదివేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకసారి ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. ఈ పలమనేరోళ్ళకు నా పేరు చూపిస్తే ఒక్కడూ ఏమీ అనడు, సరే సరే అని తల ఊపి పోయి బండి గొలుసు చూసుకుంటాడు, ఏందప్పా ఇది, వాళ్ళ ఊళ్ళో మర్యాద అట్లనా అన్నాడు. ఎంత చిన్న వింతనైనా తేల్చకుండా వదలని మనిషి, నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగాడు. ఏమో అన్నా, నాకూ తెలీదు అన్నాను.

ఈ ఏడు ఆయనకు ఆయాసం ముదిరింది. వేలూరు ఆసుపత్రిలో చూపించాం. డాక్టరు ఎక్స్‌రే లైటుకు పెట్టి చూస్తుంటే, నా గాలి దోవ యాడ అడ్డం పడిందో వేలు పెట్టి చూపించు సార్ అని అడిగాడు. ఆ డాక్టరు ఓపిగ్గా చూపించాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంకొకరి అబద్ధం మోసుకుంటూ ఈ మనిషి పోకూడదని నాకు ఆ దారిలోనే అనిపించింది. నాలుగు రోజులు ధైర్యం చాలలేదు. ఐదో రోజు పోయి, మంచం పక్కన కూర్చొని అంతా చెప్పేశాను. పేరు లేదన్నాను. చదివినప్పుడు కలిపానన్నాను. చివరి పేరా సంగతీ చెప్పాను.

చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. తరువాత, "మరి నేను గీత గీసింది దేని కింద?" అన్నాడు. చెప్పాను. ఆయన కళ్ళు ఒక్కసారి వెలిగాయి. "అట్లనా. అందుకా వాళ్ళు గొలుసు చూసుకునింది" అన్నాడు. ఎన్నాళ్ళుగానో తేలని లెక్క తేలినప్పుడు పిల్లల ముఖంలో కనబడే వెలుగు అది. నన్ను క్షమించాడనుకున్నాను. నోరు తెరవబోతే చేయి ఎత్తి ఆపాడు.

"నాకు చెప్పి ఏం లాభమప్పా? నా పేరు లేకపోతే పోనీ, నేనేం అడిగినానా? ఊరంతా పిలిచి చూపించినానే. ఇదో, నా పేరు అంటిని. నన్ను అబద్ధాలోణ్ణి చేసినావు. పో, వాళ్ళకు చెప్పు."

రాజమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

ఇప్పుడు ఆయన లేడు. గుడియాత్తంలో మెకానిక్కులకు కొదవలేదు. నాకంటే బాగా రాసేవాళ్ళకూ కొదవలేదు. ఒక బండిని ఎదురుగా పెట్టుకొని, దీన్ని చేసినవాడు ఏమనుకొని చేసుంటాడో అని నాతో కలిసి ఆశ్చర్యపడేవాడు మాత్రం ఇక దొరకడు. ఏ కంపెనీ మేలని ఆయన ఎన్నడూ అనలేదని, అట్లా అన్నది నేనేనని ఈ సంచిక పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.

ఆయన పొమ్మన్న మరునాడు పొద్దున, ఆయన బతికి ఉండగానే, కడకు పోయాను. నేతాయన ఉన్నాడు. టీకొట్టు ఆయన, ఇద్దరు పాలవాళ్ళు, పలమనేరునుంచి వచ్చిన ఒక డ్రైవరు ఉన్నారు. గోడ మీది పేజీ కింద నిలబడి ముందు తమిళంలో, తరువాత తెలుగులో చెప్పాను.

"దామోదరన్న మీకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఈ కాగితంలో ఆయన పేరు ఉండాదని చెప్పింది నేను. లేదు. ఇందులో ఉండేదంతా ఆయన నేర్పిందే, నేను నా పేరు వేసుకున్నాను. ఆయనకు చదవను రాదని తెలిసి, లేని మాట చదివినాను. తప్పు నాది. ఆయన్నీ మిమ్మల్నీ మన్నించమని అడుగుతాండాను."